ఐదడుగుల మొక్కల అక్వేరియంలో ఏ చేపలు వేసుకోవాలి?

ప్రశ్న: మాది విజయనగరం. హాల్లో 5 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తున అక్వేరియం పెట్టించాం. జూన్ రెండో వారంలో వాలిస్నేరియా, అమెజాన్ స్వోర్డ్, క్రిప్టోకొరైన్, జావా ఫెర్న్ నాటాం. బాగానే నిలదొక్కుకున్నాయి. గంటకు 2000 లీటర్లు తిప్పే క్యానిస్టర్ ఫిల్టరు, కార్బన్ డయాక్సైడ్ సిలిండరు ఉన్నాయి. చేపలు ఇంకా వేయలేదు. బోరు నీళ్ల టీడీఎస్ 640, కొనుక్కునే వాటర్ టిన్నుల్లో 50 చూపిస్తోంది. షాపాయన 30 నియాన్ టెట్రాలు, 6 ఏంజెల్స్, 4 డిస్కస్, 10 టైగర్ బార్బ్‌లు, 4 సిల్వర్ షార్కులు, ట్యాంకు శుభ్రం చేస్తాయంటూ 2 సక్కర్లు అని చీటీ రాసిచ్చాడు. మా పాప గోల్డ్‌ఫిష్ కావాలంటోంది. అన్నీ ఒకేసారి తెచ్చి వేసేయొచ్చా? వేసవిలో, కరెంటు పోయినప్పుడు ఇబ్బంది ఉంటుందా?

సమాధానం: చేపలు కొనకముందే అడిగారు, చాలా మంచి పని చేశారు. ఆ చీటీ మాత్రం పక్కన పెట్టేయండి. అందులో ఒక చేపకు సరిపడే నీళ్లు ఇంకో చేపకు పడవు, ఒకదాని రెక్కలు ఇంకోదానికి ఆట వస్తువులు, ఇంకొన్ని రెండేళ్లలో మీ ట్యాంకు పట్టనంత పెరుగుతాయి. మన ఉత్తరాంధ్రలో చేపను ఎంచుకునేటప్పుడు రెండు నెలలు గుర్తుపెట్టుకోవాలి: ఎండలు మండే మే, తుఫాన్లు వచ్చే అక్టోబరు. ఆ రెండూ దాటగలిగే చేపే మీ ట్యాంకు చేప. షాపు లైటు కింద ఎంత మెరిసినా, ఈ పరీక్షలో తప్పిన చేపకు డబ్బు పెట్టకండి.

ముందు నీళ్ల లెక్క. కొలతల ప్రకారం మీ ట్యాంకు సుమారు 565 లీటర్లు. అడుగున మట్టి, ఇసుక కలిపి 6 సెంటీమీటర్లు, పైన వదిలే ఖాళీ, అద్దాల మందం తీసేస్తే నిజంగా ఉండేది 440 లీటర్లు. ఎరువు వేసినా, మందు వేసినా, చేపలు లెక్కేసినా ఈ 440నే పట్టుకోండి. 565 అనుకుని మందు పోస్తే ప్రతిసారీ పావు వంతుకు పైగా ఎక్కువ పడుతుంది.

ఇక ఆ నీళ్ల గుణం. టీడీఎస్ మీటరు నీళ్లలో కరిగిన లవణాలన్నింటినీ కలిపి ఒక అంకె చూపిస్తుంది. చేపకు కావలసిన వివరం అందులో దొరకదు. కాల్షియం, మెగ్నీషియం ఎంతున్నాయో చెప్పేది జీహెచ్. నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్‌ని నిలకడగా పట్టి ఉంచే కార్బనేట్లు ఎంతున్నాయో చెప్పేది కేహెచ్. భోగాపురం, పూసపాటిరేగ లాంటి సముద్రం పక్క ఊళ్లలో బోరు టీడీఎస్ ఎక్కువున్నా అందులో పెద్ద వాటా మామూలు ఉప్పుదే కావచ్చు. మీ ఊళ్లో బోరుదైతే గట్టిదనమే, అంటే కాల్షియం, మెగ్నీషియమే కావచ్చు. కాబట్టి చుక్కలు వేసి రంగు చూసే జీహెచ్, కేహెచ్ కిట్లు రెండూ కొనండి. చేపల ఖర్చులో అవి చాలా చిన్నవి. అమోనియా, నైట్రైట్, నైట్రేట్ కిట్లు కూడా అప్పుడే తెచ్చేసుకోండి.

640 టీడీఎస్ బోరు నీళ్లు నేరుగా వాడకండి. టిన్ను నీళ్లు ఒక్కటే నింపడం అంతకన్నా ప్రమాదం. వాటిలో కేహెచ్ దాదాపు ఉండదు. పైగా మీరు కార్బన్ డయాక్సైడ్ వదులుతున్నారు. అలాంటి నీళ్లలో పీహెచ్ ఒక్కసారిగా కిందికి జారిపోతుంది, పొద్దున్న లేచేసరికి చేపలు పైన తేలి ఉంటాయి. రెండూ కలపండి. వారానికి పాతిక శాతం, అంటే 110 లీటర్లు మార్చాలి. మూడు 20 లీటర్ల టిన్నులు, 50 లీటర్ల బోరు నీళ్లు కలిపితే టీడీఎస్ సుమారు 320 వస్తుంది. జీహెచ్ 8 నుంచి 12, కేహెచ్ 4 నుంచి 6 మధ్యలో ఉంటే సరి. కేహెచ్ 3కి దిగితే బోరు నీళ్ల పాలు పెంచండి. మున్సిపల్ కుళాయి నీళ్లు పట్టుకునే వీలుంటే 200 లీటర్ల డ్రమ్ము నింపి, యాంటీ క్లోరిన్ వేసి, ఎయిర్ స్టోన్ పెట్టి ఒక రోజు ఉంచి వాడండి. టిన్నుల ఖర్చు తగ్గుతుంది. వానాకాలంలో కుళాయి నీళ్లు బ్లీచింగ్ వాసన గట్టిగా కొడితే ఆ రోజు పట్టకండి.

చేప ఎంపికను అన్నింటికన్నా ఎక్కువగా తేల్చేది వేడి. రోహిణి కార్తెలో హాల్లో 34, 35 డిగ్రీలుంటే ట్యాంకు నీళ్లు 31, 32 దగ్గరకొస్తాయి. పైన శ్లాబే ఉండి మేడ లేని ఇల్లయితే ఇంకో డిగ్రీ ఎక్కువ. 25 డిగ్రీల నీళ్లు లీటరుకు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటాయి. 32 డిగ్రీల దగ్గర 7.3 మాత్రమే. నీళ్లు వేడెక్కిన కొద్దీ చేప ఒంట్లో పని వేగం పెరిగి, దానికి కావలసిన ఆక్సిజన్ కూడా పెరుగుతుంది. రాత్రి లైట్లు ఆపాక మొక్కలు కూడా ఆక్సిజనే వాడుకుంటాయి. అందుకే మొక్కల ట్యాంకులో చేపలు చచ్చేది మధ్యాహ్నపు ఎండలో కాదు, తెల్లవారుజామున. చేపలు పొద్దున్నే నీటి పైకొచ్చి నోరు తెరుస్తూ, లైట్లు వేసిన గంటకు మామూలుగా అయిపోతున్నాయంటే కారణం ఇదే. లైట్లు ఆపడానికి గంట ముందే సిలిండరు మూసుకునేలా టైమరు పెట్టండి, రాత్రంతా ఎయిర్ పంపు నడపండి.

చేపల మలమూత్రాల నుంచి వచ్చే అమోనియా సంగతీ అంతే. పీహెచ్ 7, 25 డిగ్రీలున్న నీళ్లలో అమోనియా మొత్తంలో విషంగా పనిచేసేది 0.6 శాతం లోపు. అదే పీహెచ్ 8, 30 డిగ్రీలైతే 7 శాతం దాటుతుంది. చల్లని ఊళ్లో మెత్తని నీళ్లవాళ్లు 80 చేపలు పెట్టి నెట్టుకొస్తున్నారని మనం పెట్టలేం. మే నెలలో మీ ట్యాంకుకు అంత ఓపిక ఉండదు.

ఈ లెక్కలు పట్టుకుని ఆ చీటీ చూద్దాం. నియాన్ టెట్రా 20 నుంచి 26 డిగ్రీల చేప. 30 దాటిన నీళ్లలో రోజులు లెక్కపెట్టుకోవడమే. డిస్కస్ దీనికి తలకిందులు: 28 నుంచి 30 దానికి హాయి, కానీ మెత్తని నీళ్లు, రోజుకు మూడు నాలుగు సార్లు మేత, తరచుగా నీళ్ల మార్పు కావాలి. అన్నాళ్లు అంత వేడి కొన్ని మొక్కలకు పడదు. డిస్కస్ మీద ఇష్టముంటే ఏడాది రెండేళ్లు ఈ ట్యాంకు నడిపాక, అడుగు ఖాళీగా ఉన్న విడి ట్యాంకులో పెంచుకోండి. టైగర్ బార్బ్ మంచి చేపే, ఓర్పున్న చేప. కానీ ఏంజెల్‌కి పొట్ట కింద వేలాడే పొడుగు రెక్కలు కనిపిస్తే ఊరుకోదు, కొరుకుతూనే ఉంటుంది. కొరికిన చోట తెల్లగా బూజు పడుతుంది. పైగా అరచెయ్యంత ఎదిగిన ఏంజెల్‌కి నియాన్ ఒక ముద్ద. షాపులో పది రూపాయల బిళ్లంత ఉన్నప్పుడు రెండూ కలిసి తిరుగుతాయి, ఏడాది తిరిగేసరికి 30 నియాన్లు 10 అవుతాయి. ఎటుపోయాయో తెలియక మందులు వేస్తూ కూర్చుంటారు.

సిల్వర్ షార్క్ అడుగు పొడవు దాటుతుంది, బెదిరితే అద్దానికి గుద్దుకుంటుంది, మూత లేకపోతే గదిలోకి దూకుతుంది. సిల్వర్ డాలర్, రూప్‌చంద్ పిల్లలు కూడా షాపుల్లో ముద్దుగా కనిపిస్తాయి. రెండూ ఆకులు తినే జాతులే. మీ వాలిస్నేరియా వారంలో కాడలుగా మిగులుతుంది.

సక్కర్ గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. అది ట్యాంకు శుభ్రం చేయదు. వేలెడంత ఉన్నప్పుడు పాచి గీకుతుంది, పెద్దయ్యాక మేత గుళికల కోసం అడుగున తిరుగుతుంది, నారు పీకినట్టు మొక్కలు పీకేస్తుంది, పొడుగ్గా దారాల్లా మలం వదులుతుంది. 40 సెంటీమీటర్లు దాటుతుంది. అప్పుడు ఇంట్లోవాళ్లు దాన్ని బకెట్లో తీసుకెళ్లి చెరువులో వదిలేస్తారు. మన రాష్ట్రంలో చెరువుల్లో, కాలువల్లో దెయ్యం చేప అని వలలు చింపుకుంటూ జాలర్లు తిట్టుకునేది దీన్నే. పెద్ద చెరువులో గానీ, చంపావతిలో గానీ, ఊరి గెడ్డలో గానీ ఏ అక్వేరియం చేపనూ వదలకండి. మలేరియా సిబ్బంది దోమల కోసం గుంటల్లో వదిలే గంబూసియాను మీ ట్యాంకులోకి తేవడమూ వద్దు. అది వేలెడు చేపే గానీ మిగతా చేపల రెక్కలు పీకి పోగులు పెడుతుంది.

ఇప్పుడు వేసుకోవాల్సినవి. మీ నీళ్లకు, మీ ఊరి వేడికి మొదట గుర్తొచ్చే చేప బోయెసెమని రెయిన్‌బో. దాని సొంతూరు ఇండోనేషియా పపువాలోని అజమారు సరస్సుల ప్రాంతం. కొంచెం గట్టి నీళ్లు, 27 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం దానికి పుట్టుకతోనే అలవాటు. అంటే మిగతా చేపలు మేలో ఓర్చుకునే వేడి, దీనికి ఇంచుమించు మామూలు రోజు. మగది 11 సెంటీమీటర్లు పెరుగుతుంది. ముందు సగం నీలం, వెనక సగం నారింజ. ఐదడుగుల పొడవును నిజంగా వాడుకునే ఈతగాడు. మొక్కలకు పెద్దగా హాని చేయదు. మరి షాపాయన చీటీలో ఎందుకు లేదంటే, పిల్ల చేపగా ఉన్నప్పుడు ఇది బూడిద రంగులో, పిత్త పరిగెలా కనిపిస్తుంది. ఎవరూ అడగరు, కాబట్టి అతను తెప్పించడు. ముందుగా చెప్పి తెప్పించుకోండి. పూర్తి రంగు రావడానికి ఏడాది పడుతుంది, ఆ ఏడాది ఓపిక పట్టండి. పది చేపలు, వాటిలో నాలుగో ఐదో మగవి. అన్నీ మగవే కొనకండి. ఆడవి పక్కనుంటేనే మగవి రంగు విప్పుతాయి. పొద్దున్న లైటు వెలిగిన మొదటి అరగంటలో ట్యాంకు ముందు నిలబడి చూడండి: రెండు మగవి పక్కపక్కన రెక్కలు నిక్కబొడుచుకుని తిరుగుతాయి, ముక్కు మీది నుంచి వీపు దాకా ఒక మెరుపు గీత టక్కున వెలిగి ఆరిపోతుంది, మళ్లీ వెలుగుతుంది. ఒంటి రంగును అవి అలా క్షణాల్లో మార్చుకుంటాయి. నోరు పెద్దదైనా గొంతు సన్నం, అందుకని ఒక మిల్లీమీటరు గుళికలే వేయాలి.

రెండోది పెర్ల్ గౌరామి. ఒంటినిండా ముత్యాలు చల్లినట్టుంటుంది, మగదానికి గొంతు కింద నుంచి పొట్ట దాకా ఎర్ర నారింజ రంగు దిగుతుంది. దీన్ని సిఫారసు చేయడానికి అందం ఒక్కటే కారణం కాదు. మొప్పలతో పాటు నీటి పైకొచ్చి గాలిని నేరుగా పీల్చుకునే అవయవం దీనికుంది. ఫిల్టరు ఆగిపోయి ఆక్సిజన్ పడిపోయిన రాత్రి ఇది బతికి బయటపడుతుంది. ఐదు చాలు: రెండు మగ, మూడు ఆడ. వీపు మీది రెక్క చివర కోసుగా ఉంటే మగది, గుండ్రంగా ఉంటే ఆడది. ఒక మూల నీటి పైన తేలే మొక్కలు వదిలి, ఫిల్టరు ధార అటు కొట్టకుండా చూడండి. మగది అక్కడ నురుగు గూడు కడుతుంది. ఇలాగే ఉంటుంది కదా అని డ్వార్ఫ్ గౌరామి అంటగడితే తీసుకోకండి. ఆ జాతిలో ఇరిడోవైరస్ జబ్బు విస్తారంగా ఉంది, దానికి మందు లేదు.

అడుగున తిరగడానికి కోరిడోరస్. ఇందులో స్టెర్బై రకమే అడగండి. నల్లటి తల మీద తెల్లని చుక్కలు, పక్క రెక్కల ముల్లు నారింజ రంగు. 28 డిగ్రీల దాకా దానికి సమస్య లేదు, కొద్ది రోజులు 30 అయినా తట్టుకుంటుంది. మచ్చల కోరీ అని తక్కువ ధరకు దొరికేది చల్లని నీళ్ల చేప, మన వేసవికి ఆగదు. పది కోరీలు తీసుకోండి, రెండు మూడు తెస్తే మూల నక్కి కూర్చుంటాయి. కంకర పదునుగా ఉంటే వాటి మీసాలు అరిగి, పుండ్లు పడి, మేత వెతుక్కోలేక చిక్కిపోతాయి. కాబట్టి ముందు వైపు రెండడుగుల మేర సన్నని ఇసుక పరవండి. నది ఇసుక జల్లెడ పట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగితే సరిపోతుంది. చింతపల్లి బీచ్ ఇసుక తెచ్చుకోవద్దు. అందులోని గవ్వల ముక్కలు కరుగుతూ నీళ్లను గట్టి చేస్తూనే ఉంటాయి. కోరీ ముళ్లు వలలో చిక్కుకుంటాయి, లాగితే విరుగుతాయి. ప్లాస్టిక్ డబ్బాతో పట్టండి.

పాచి కోసం సయామీస్ ఆల్గే ఈటర్ నాలుగు. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు, ఎందుకంటే ఆ పేరుతో మూడు రకాలు అమ్ముతారు. అసలుదాన్ని గుర్తుపట్టాలంటే పక్కనుంచి తోక చూడండి. ముక్కు దగ్గర మొదలైన నల్ల గీత తోక మొదట్లో ఆగిపోకుండా, తోక చీలిక చివరిదాకా పోవాలి. గీత అంచులు గీసినట్టు తిన్నగా ఉండవు, రంపపు పళ్లలా కొంచెం ఎగుడుదిగుడుగా ఉంటాయి. గీత పైన మెరిసే బంగారు పట్టీ ఉంటే అది వేరే చేప. నోరు చూషకంలా అద్దానికి అతుక్కుని ఉంటే అది చైనీస్ ఆల్గే ఈటర్. పెద్దయ్యాక గౌరామి, ఏంజెల్ లాంటి వెడల్పు చేపల పక్కలకు అతుక్కుని ఒంటి జిగురు గీకి తింటుంది. అసలు రకం మాత్రం ఆకుల అంచున పట్టే నల్ల కుచ్చు పాచిని కూడా తింటుంది, చిన్నప్పుడు మరీ బాగా. గుళికలు కడుపునిండా పడితే మాత్రం పాచి జోలికి పోదు.

అద్దం మీద, దుంగ మీద ఆకుపచ్చ పొరకు బ్రిసిల్‌నోస్ ఒకటి వేసుకోవచ్చు. సక్కర్‌కి చుట్టమే గానీ 12 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. దానికి నమలడానికి డ్రిఫ్ట్‌వుడ్ ముక్క ఉండాలి, వారానికి రెండుసార్లు రాత్రిపూట కీరా దోస ముక్క వేసి పొద్దున్నే మిగిలింది తీసేయాలి.

అన్నీ కలిపి 30 చేపలు. 5 అడుగుల ట్యాంకుకు ఇంతేనా అనిపిస్తుంది. రెయిన్‌బోలు ఎదిగాక చూడండి, ఖాళీ కనిపించదు. ఇంకో 20 పెట్టాలనిపించినా మొదటి వేసవి గడిచేదాకా ఆగండి. ఆ మే నెలలో నైట్రేట్ 20, 30 దాటకుండా, పొద్దున్న ఏ చేపా పైకి రాకుండా ఉంటే, అప్పుడు కొత్త గుంపు గురించి ఆలోచించవచ్చు.

మీకు ఎర్ర నీలం గీతల చిన్న చేపల గుంపే కావాలంటే నియాన్ బదులు కార్డినల్ టెట్రా చూడండి. నియాన్‌కి ఎరుపు పొట్ట మధ్యలో మొదలవుతుంది, కార్డినల్‌కి తల నుంచి తోక దాకా ఉంటుంది. కార్డినల్ 29 దాకా ఓర్చుకుంటుంది. కానీ దానికి మెత్తని నీళ్లు కావాలి కాబట్టి టిన్నుల పాలు పెరుగుతుంది, వారానికి మూడు బదులు నాలుగున్నర దాకా. అప్పుడు హుషారుగా దూసుకుపోయే రెయిన్‌బోలను మానేసి, 40 కార్డినల్స్, 5 పెర్ల్ గౌరామి, 10 కోరీలతో వేరే రకం ట్యాంకు అవుతుంది. అది కూడా అందంగానే ఉంటుంది. రెండు రకాలనూ కలపాలని మాత్రం చూడకండి. ఇంకొక మాట: పింక్, నీలం, పచ్చ రంగుల్లో టెట్రాలు, గాజు చేపలు అమ్ముతుంటారు. వాటిలో చాలావాటికి సూదితో రంగు ఎక్కిస్తారు, లేదా రంగులో ముంచుతారు. ఆ బాధ తట్టుకుని బతికినవి కొద్ది నెలల్లో వెలిసిపోతాయి. దయచేసి కొనకండి, కొనేవాళ్లు లేకపోతేనే ఆ పని ఆగుతుంది.

అన్నీ ఒకేసారి వేయొచ్చా అన్నారు. వేయకూడదు. చేపల మలమూత్రాల అమోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టరులో పెరగాలి. మేత ఎంత ఉంటే అవి అంతే పెరుగుతాయి. మొక్కలు కొంత అమోనియా తాగేస్తున్నాయి కాబట్టి మీ కిట్టు ఇప్పుడే సున్నా చూపించొచ్చు. దాన్ని చూసి 30 చేపలకు సిద్ధమైపోయిందనుకోకండి. రెండడుగుల చిన్న ట్యాంకు ఒకటి, అంటే 50 లీటర్లది, స్పాంజ్ ఫిల్టరు పెట్టి విడిగా ఉంచండి. ఆ స్పాంజ్‌ను ఇప్పటి నుంచే పెద్ద ట్యాంకులో ఓ మూల నడపండి, బ్యాక్టీరియా పట్టుకుంటుంది. వచ్చిన ప్రతి గుంపూ మూడు వారాలు చిన్న ట్యాంకులో గడపాలి. ఆగస్టు మొదట్లో ఆల్గే ఈటర్లు, బ్రిసిల్‌నోస్. అవి పెద్ద ట్యాంకులోకి మారాక రెయిన్‌బోలు. సెప్టెంబరు రెండో పక్షంలో కోరీలు. చిట్టచివర, సిరిమానోత్సవం అయిపోయాక, పెర్ల్ గౌరామి. జాగా నాదే అని గొడవపడే మగ చేపలున్న జాతి ఆఖర్న వస్తే, అప్పటికే స్థిరపడ్డ గుంపు ముందు తగ్గి ఉంటుంది.

ఈ మూడు వారాలను వృథా అనుకోకండి. వైట్ స్పాట్, అంటే ఒంటి మీద ఉప్పు కల్లు చల్లినట్టు తెల్ల చుక్కలు, ప్రయాణం అయిన వారం లోపే బయటపడుతుంది. చిన్న ట్యాంకులో 30 డిగ్రీల వేడి, లీటరుకు 1 నుంచి 2 గ్రాముల ఉప్పు, పదిహేను రోజులతో తగ్గించొచ్చు. అదే పెద్ద ట్యాంకులో వస్తే ఉప్పు వేస్తే మొక్కలు దెబ్బతినొచ్చు, మలాకైట్ గ్రీన్ పూర్తి మోతాదు వేస్తే కోరీలు తట్టుకోలేవు. ఏ మందు వేయాలో తెలియక చూస్తూ ఉండిపోవాల్సి వస్తుంది.

షాపులో చేపను చూసే పద్ధతి చిన్నదే. మీ ముందే మేత వేయమనండి, పరిగెత్తుకొచ్చి తినాలి. పైనుంచి చూస్తే తల వెనక సన్నబడి, కత్తిలా ఉన్న చేప వద్దు. ఆ తొట్టిలో ఒక్క చచ్చిన చేప ఉన్నా ఆ రోజు అక్కడ కొనకండి. విశాఖ నుంచి తెచ్చుకుంటే పొద్దున్నే బయల్దేరండి, థర్మకోల్ పెట్టెలో ఆక్సిజన్ ప్యాకింగ్, మూడో వంతు నీళ్లు, మిగతాది గాలి. ఇంటికొచ్చాక బ్యాగును పావుగంట తేలనిచ్చి, సన్నని ఎయిర్ ట్యూబుతో చుక్కచుక్కగా మీ నీళ్లు కలుపుతూ ముప్పావు గంటలో చేపల్ని వదలండి, బ్యాగు నీళ్లు పారబోయండి. చెన్నై నుంచో, కోల్‌కతా నుంచో రాత్రంతా రైల్లో వచ్చిన ప్యాకెట్ అయితే ఇంతసేపు చేయకూడదు. బ్యాగు విప్పగానే కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పెరుగుతుంది, అంతసేపూ పేరుకున్న అమోనియా ఒక్కసారి విషమవుతుంది. అలాంటి చేపల్ని వేడి సమానం కాగానే డబ్బాతో తీసి మార్చేయండి.

వేసవికి ఏర్పాటు ఇప్పుడే చేసుకోండి. అద్దం మూత వేడిని పట్టి ఉంచుతుంది. మూత లేకపోతే రెయిన్‌బోలు, ఆల్గే ఈటర్లు దూకుతాయి. కిటికీలకు కొట్టే దోమల మెష్‌ను అల్యూమినియం చట్రానికి బిగించి మూతగా పెట్టండి. దాని పైనుంచి నీటి మీదికి రెండు చిన్న ఫ్యాన్లు తిప్పితే ఆవిరై రెండు డిగ్రీలు తగ్గుతుంది. మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ కాబట్టి అంతకంటే ఆశించకండి. ఆవిరైన నీటి స్థానంలో టిన్ను నీళ్లే పోయాలి. బోరు నీళ్లు పోస్తూ పోతే లవణాలు పేరుకుంటాయి. ఎప్పుడైనా నీళ్లు 33 దాటితే ఐసు సీసాలు వాడొచ్చు: మీ నీళ్లకు ఒక డిగ్రీ తగ్గాలంటే లీటరు సీసాలు నాలుగు కావాలి. ఒక్క సీసా వేస్తే తేడా తెలియదు, పది వేస్తే చేపలకు దెబ్బ. జనవరి రాత్రుల్లో మాత్రం 300 వాట్ల హీటరు 25 దగ్గర పెట్టుకోవాలి, రెయిన్‌బోకి చలి పడదు.

కరెంటు విషయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు మన జిల్లాల్లో ఎన్నో ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. కాబట్టి గంటా రెండు గంటల కోత గురించి కాదు, మూడు రోజుల గురించి ఆలోచించండి. ఎయిర్ పంపు 5 వాట్లు, మీ ఫిల్టరు 30, 35 వాట్లు. 150 ఏహెచ్ ఇన్వర్టరు బ్యాటరీ మీద వేరే ఏ లోడూ లేకపోతే రెండూ కలిపి ఒక రోజు దాకా నడుస్తాయి, ఎయిర్ పంపు ఒక్కటే అయితే ఇంకా ఎక్కువ. తుఫాను హెచ్చరిక రాగానే 100 లీటర్ల నీళ్లు మార్చి, మేత ఆపేయండి. ఎదిగిన చేపకు వారం పస్తు ఏమీ కాదు. తినని మేత కుళ్లడమే ప్రమాదం. సిలిండరు కట్టేయండి. బ్యాటరీ కూడా అయిపోతే మగ్గుతో నీళ్లు తీసి అడుగు ఎత్తు నుంచి పోస్తూ ఉండండి, గంటకోసారి పది నిమిషాలు. కరెంటు రాగానే ఫిల్టరు స్విచ్ వేయకండి. కొన్ని గంటలకు మించి ఆగిన క్యానిస్టర్‌లో బ్యాక్టీరియా చచ్చి కుళ్లి ఉంటుంది; ఆ నీళ్లు ట్యాంకులోకి తోస్తే తుఫాను దాటిన చేపలు ఆ సాయంత్రం పోతాయి. మూత తీసి, వాసన చూసి, లోపలి స్పాంజ్‌లు, రింగులు ట్యాంకు నీళ్లలోనే పిండి కడిగాకే నడపండి. తర్వాత పది రోజులు రోజూ అమోనియా చూడండి.

దోమల స్ప్రే, ఫాగింగ్ పొగ కూడా మనసులో పెట్టుకోండి. వాటిలోని పైరెత్రాయిడ్ మందులు చేపలకు చాలా కొద్ది మోతాదులోనే విషం, ఎయిర్ పంపు గది గాలినే పీల్చి నీళ్లలోకి ఊదుతుంది. స్ప్రే కొట్టాల్సి వస్తే పంపు ఆపి, ట్యాంకు పైన తడి దుప్పటి కప్పి, గది గాలి పూర్తిగా మారాక తీయండి.

ఇక పాప గోల్డ్‌ఫిష్. ఈ ట్యాంకులో వద్దని చెప్పక తప్పదు: మొక్కల వేళ్లు తవ్వుతుంది, లేత ఆకులు తింటుంది, మన వేడి దానికి అసలే పడదు. చిన్న గాజు గిన్నెలో పెట్టివ్వడం అంతకన్నా అన్యాయం, అది వారాల్లో చనిపోతే పాపకు మిగిలేది ఏడుపే. క్వారంటైన్ పని అయిపోయాక ఆ రెండడుగుల ట్యాంకు పాపకు ఇచ్చేయండి. అందులో బోరు నీళ్లే ఎక్కువ పాలు పోసి ప్లాటీలు వేసుకోవచ్చు, ఒక మగ, మూడు ఆడ. గట్టి నీళ్లంటే వాటికి ఇష్టం, గోల్డ్‌ఫిష్ లాంటి నారింజ రంగు దొరుకుతుంది. నెలన్నరలో బియ్యపు గింజంత పిల్లలు నాచులో దాక్కుని కనిపిస్తాయి. వాటిని లెక్కపెట్టే పని పాపదే.